అక్రోట్ల మీద పడ్డ నింద

జూన్ 24, ఎండ

ముప్పై గిన్నెలూ అమ్ముడుపోయాయి! ముప్పైకి ముప్పై! పోయిన ఏడాది అక్టోబరులో ఉరుషి చెట్టు పాలతో పూత ముగించి అటక మీద పెట్టిన చెక్క గిన్నెల్లో ఒక్కటీ మిగల్లేదు. డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో ఇంత సంతోషం రాసిపెట్టి ఉందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి. పొద్దున్నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. పెరట్లోకి వెళ్తాను, వస్తాను, మళ్లీ వెళ్తాను. మా మినె చూసి చూసి, "ఏమండీ, చీమలు గానీ ఎక్కాయా?" అంది.

అంతా మా అమ్మాయి చిహొ చలవ. మార్చిలో టౌన్ ఆఫీసు కౌంటరులో ఉద్యోగం మానేసి వచ్చి, "నాన్నా, నువ్వు చేసేవి ఇకనుంచి నేను అమ్ముతా" అంది. ఎనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు పచ్చి ఉరుషి పాలు చెంపకు తగిలి, మొహమంతా వాచి, కళ్లు తెరుచుకోక పది రోజులు మంచాన పడింది. "ఈ పనీ వద్దు, ఈ వాసనా వద్దు" అని ఏడ్చింది. నలభై ఒకటో ఏట తనంతట తానే తిరిగి వచ్చింది! మా నాన్న ఉంటే ఎగిరి గంతేసేవాడు.

చిహొ దుకాణానికి తలుపు లేదు, బోర్డు లేదు. లాప్‌టాప్‌లో ఉంటుంది. మా నినోహె కొండల్లో చేసిన గిన్నెను స్పెయిన్‌లో ఎవరో చూసి కావాలన్నారు. డెన్మార్క్‌లో ఎవరో నాలుగు అడిగారు. ప్రతి పెట్టెలోనూ గిన్నెతోపాటు మా హత్సుయొ వదిన చేసిన అక్రోటు మిసో ఒక సీసా, నువ్వులద్దిన పల్చటి గోధుమ బిళ్లలు ఒక పొట్లం పెడుతుంది. మూడేళ్లు దేవదారు పీపాలో ఊరిన సోయా ముద్దలో కొండ అక్రోట్లు నూరి కలుపుతుంది వదిన. ఆవిడకు ఎనభై ఒకటి. మా అన్న పోయి తొమ్మిదేళ్లయింది. తన మిసో సముద్రం దాటుతోందని విని, "నాకు పాస్‌పోర్టు లేదు గానీ నా ముద్దకు ఉందన్నమాట" అని తను మిసో, కూరగాయలు అమ్మే ఊరి స్టాలులో అందరికీ చెప్పుకుంటోందట.

సంతోషంగా ఉంది. చాలా సంతోషంగా ఉంది.

జూలై 2, వాన

మధ్యాహ్నం చిహొ పరిగెత్తుకుంటూ వచ్చింది. తడి కాళ్లతోనే చాప మీదికి ఎక్కింది.

"నాన్నా! ఇంకో ఎనిమిది జతలు అడుగుతున్నారు. బెల్జియంలో ఒకావిడ, ఆవిడ స్నేహితులు. అటక మీద ఇంకేమైనా ఉన్నాయా? లేకపోతే వచ్చే ఏడాది దాకా ఆగమని రాస్తాను."

ఆ మొహం! చిన్నప్పుడు బడిలో పరుగుపందెంలో మొదటొచ్చిన రోజున ఉన్న మొహం అది.

"ఉన్నాయి. వెనకాల పెట్టెలో" అన్నాను.

"ఎప్పటివి?"

"పోయిన అక్టోబరువే."

"అబ్బ, నాన్నా, నువ్వు దేవుడివి!"

వెనకాల పెట్టెలో ఉన్నవి సగం పూతల గిన్నెలు. చివరి రెండు పూతలు ఇంకా వెయ్యాలి. అడుగులు సరిచూసి తుడిచి ఇవ్వడానికి నెలన్నర పడుతుందన్నాను. సరే అంది. సంతోషంలో నోరు జారింది, అంతే. చెడ్డ ఉద్దేశమేమీ లేదు.

జూలై 5, వాన

చిహొ తన దుకాణంలో రాసుకున్న మాటలు నాకు చదివి వినిపించింది. "చివరి పూత వేశాక మా నాన్న ఆరు నెలలు ఆ గిన్నెను ఎవరికీ ఇవ్వరు. ఉరుషి లోపలికంటా నెమ్మదించాలి అంటారు." ఎంత బాగా రాసింది! ఇంగ్లీషులో ఇంకా బాగుంటుందట. తల ఊపాను.

జూలై 27, వాన

చివరి పూత అయింది. తేమ గదిలో పెట్టాను.

ఈ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. ఉరుషికి ఎండ కాదు, తేమ కావాలి. తేమ ఉంటే తొందరగా గట్టిపడుతుంది. ఈ ఏడాది మూడు వారాలంటే మామూలు ఏడాదిలో ఆరు నెలలతో సమానమే. ఈ మాట మా నాన్న కూడా ఎప్పుడో అన్నట్టు గుర్తు.

ఆగస్టు 4, ఉక్క

గిన్నెలు బియ్యం పెట్టెలో పూడ్చాను. కొత్త ఉరుషి వాసన పోవాలంటే అంతకంటే మంచి ఉపాయం లేదు, మా తాతల నాటి నుంచి ఉన్నదే. మినె పొద్దున బియ్యం తీయబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏమండీ, ఇవి పోయిన ఏడాదివైతే ఇంకా వాసనెందుకు?"

"అటక మీద గాలి ఆడలేదు."

"అటక మీద గాలి ఆడకపోవడమా? చలికాలం అక్కడ పిల్లి కూడా ఉండలేదు, గాలికి."

సాయంత్రం అన్నంలో వాసన వచ్చింది. ఇద్దరం తిన్నాం.

ఆగస్టు 9, ఎండ

ఒక్కొక్క గిన్నె అంచునూ పెదాలకు ఆనించి చూశాను. పదహారుకు పదహారూ. నాలుకతో కూడా. వేడి గంజి పోసుకుని తాగాను. నాకేమీ కాలేదు. పెదాలు చక్కగా ఉన్నాయి.

మినెకు చెప్తే, "అరవై ఏళ్లుగా ఒంటి నిండా ఉరుషి పూసుకున్న మనిషి మీరు. ఇప్పుడు మిమ్మల్ని పాము కరిస్తే పాముకే దద్దుర్లు వస్తాయి" అంది.

నవ్వాను. కానీ ఏమీ కాలేదన్నది నిజమే కదా.

ఆగస్టు 18, ఎండ

ఎనిమిది పెట్టెలూ వెళ్లాయి! చిహొ తెల్లటి చేతి తొడుగులు వేసుకుని ఒక్కో గిన్నెనూ పల్చటి కాగితంలో చుట్టింది. గిన్నె పక్కన వదిన మిసో. ఆ పక్కన గోధుమ బిళ్లలు. పైన తను స్వయంగా రాసిన చీటీ. పురిట్లో పాపను చుట్టినట్టు చుట్టింది. పోస్టాఫీసు దాకా కారులో నేనూ వెళ్లాను. కౌంటరులో ఉన్నాయన, "ఒబొనాయి గారూ, అన్నీ యూరప్‌కేనా?" అన్నాడు. "అన్నీ యూరప్‌కే!" అన్నాను గట్టిగా. వెనకున్న వాళ్లు కూడా విన్నారు.

ఆ ఎనిమిది జతలు కాక, వాటితోపాటే పూత వేసిన రెండు చిన్న గిన్నెలు మిగిలాయి. అటక మీద పెట్టాను.

సెప్టెంబరు 9, ఎండ

బెల్జియం ఆవిడ ఫొటో పంపింది! పేరు గోదెలీవ్ అట, పలకడం చిహొ నేర్పింది. సంగీతం టీచరుగా చేసి రిటైరైంది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద నా ఎర్ర గిన్నె, అందులో గుమ్మడికాయ సూపు. పొగ కూడా కనిపిస్తోంది. నా గిన్నె లోంచి పొగ, బెల్జియంలో! ఫొటో కాగితం మీద తీయించి ఇమ్మన్నాను. పని గదిలో మా అన్న ఫొటో పక్కన అంటించాను. వాడు చెట్లకు గాట్లు పెట్టి పాలు తీసేవాడు, నేను పూత వేసేవాణ్ణి. ఇద్దరం కలిసి బెల్జియం వెళ్లినట్టుంది.

సెప్టెంబరు 16, మబ్బు

గోదెలీవ్ మళ్లీ రాసింది.

చిహొ నిలబడే చదివింది. గిన్నెలో సూపు తాగిన మూడో రోజున పెదాల చుట్టూ ఎర్రబడి, వాచి, చిన్న చిన్న పొక్కులు వచ్చాయట. డాక్టరు ఏదో తిండి పడలేదేమో అన్నాడట. "మీ తప్పని అనడం లేదు. మీ మిసోలో అక్రోట్లు ఉన్నాయి కదా, అవి నాకు పడలేదేమో. మిగతావాళ్లకు చెప్పడం మంచిది" అని రాసింది. తిట్టలేదు. చివర్లో గిన్నె అందంగా ఉందని కూడా రాసింది.

చిహొ లాప్‌టాప్ మూసి నా వైపు చూసింది.

"నాన్నా, నాకు చిన్నప్పుడు వచ్చినట్టు ఇది ఉరుషి వల్ల అయ్యుంటుందా? అవి పోయిన అక్టోబరువి కదా, ఎలా అవుతుంది?"

"ఎలా అవుతుంది?" అన్నాను.

"మరైతే అక్రోట్లే."

"అక్రోట్లు చాలామందికి పడవు" అన్నాను.

నేను అబద్ధం చెప్పలేదు. తను అడిగిన మాటనే తిరిగి అన్నాను. అక్రోట్ల మాట కూడా నిజమే. పేపర్లో చదివాను.

సెప్టెంబరు 17

అక్రోట్లు చాలామందికి పడవు.

సెప్టెంబరు 20, వాన

చిహొ వదిన ఇంటికి వెళ్లి వచ్చింది. నన్నూ రమ్మంది, నడుం నొప్పి అన్నాను. నడుం నిజంగానే నొప్పిగా ఉంది.

వచ్చాక చెప్పింది. "పెద్దమ్మా, కొన్నాళ్లు మిసో పంపడం ఆపుదాం" అంటే వదిన మొదట నవ్విందట. "ఎవరో దొరసానికి నా ముద్ద ఘాటు తట్టుకోవడం చేతకాలేదా?" అందట. తర్వాత పొక్కులు ఎలా వచ్చాయి, ఎక్కడ వచ్చాయి, ఎన్ని రోజులున్నాయి అని ఒక్కొక్కటీ అడిగిందట. అడిగి అడిగి, లేచి లోపలికి వెళ్లి, సీసాలన్నీ తీసి మూతలు వాసన చూసిందట.

"పాపం నాన్నా, పెద్దమ్మ చూసిన సీసానే మళ్లీ మళ్లీ చూసింది" అంది చిహొ. తను ఏడ్చినట్టుంది.

అక్రోట్ల మాట ఎలాగూ ఎవరో ఒకరు చెప్పాల్సిందే. మిసో మళ్లీ చేసుకోవచ్చు. చిహొ దుకాణం ఒకసారి మూతపడితే మళ్లీ తెరవలేదు. తను టౌన్ ఆఫీసు వదిలేసి వచ్చింది. నా ఒక్కడి సంగతే ఆలోచించుకుంటే సరిపోతుందా?

సెప్టెంబరు 25, ఎండ

వదిన మా ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"మరిదీ, నువ్వు నా మిసో యాభై ఏళ్లుగా తింటున్నావు. ఎప్పుడైనా నోరు దురద పెట్టిందా?"

"లేదు వదినా."

"మినెకు?"

"లేదు."

"స్టాలులోంచి సీసాలన్నీ తీసేశాను. స్టాలులో నాతోపాటు కూరగాయలమ్మే ఆ మత్సుకొ ఉంది కదా, తీస్తుంటే పక్కన చేరి, 'అయ్యో అక్కా, వయసు మీద పడ్డాక చేతి శుభ్రం కూడా తగ్గుతుందిలే, ఎవరికైనా అంతే' అంది. ఓదారుస్తున్నట్టు! చెంప మీద ఒక్కటిద్దామనుకున్నా. ఇవ్వలేకపోయా. ఏమో, నిజమేనేమో అనిపించింది."

"అలాంటిదేం లేదు వదినా, అక్రోట్లు కొందరికి..."

"నా అక్రోట్లు యాభై ఏళ్లుగా ఎవరికీ ఏం చెయ్యలేదు. ఇప్పుడే ఎందుకు చేశాయి?"

నేను నేల వైపు చూశాను. ఆవిడ వెళ్లిపోయింది. మినె వంటింట్లోంచి అంతా విన్నది. రాత్రి భోజనం పెట్టింది గానీ ఎదురుగా కూర్చోలేదు.

సెప్టెంబరు 30, ఎండ

మంచి వార్త! చిహొ దుకాణానికి కొత్తగా ఒకమ్మాయి రాసింది, మన మొరియొకా పట్నం నుంచి వెళ్లి నార్వేలో ఉంటున్న రింకొ. ఆ అమ్మాయికి ఆడపిల్ల పుట్టిందట. అక్టోబరు 20కి వంద రోజులు. ఆ రోజు పాపకు మొదటి ముద్ద తినిపించే వేడుకకు ఎర్ర ఉరుషి గిన్నెలు కావాలట, చిన్నవి రెండు. "మా అమ్మమ్మ ఇంట్లో ఉన్నలాంటివే" అని రాసింది. చిహొ ఎంత పొంగిపోయిందో! ఈ రెండు వారాల్లో మొదటిసారి నవ్వింది.

"నాన్నా, అటక మీద రెండు చిన్నవి ఉన్నాయన్నావు కదా?"

"ఉన్నాయి."

అక్టోబరు 2, ఎండ

పాప పెట్టె నేనే సర్దాను. ఇందులో మిసో పెట్టలేదు. కాబట్టి భయం లేదు.

అక్టోబరు 3

భయం లేదు.

అక్టోబరు 6, వాన

పొద్దున అంతా కొత్త గిన్నెలకు మొదటి పూత వెయ్యడానికి కూర్చున్నాను. కుంచె తీసి మళ్లీ కింద పెట్టేశాను. తేమ గది తలుపు తీసి చూశాను. ఖాళీ. వాసన మాత్రం ఉంది. పని మానేసి పెరట్లో చెక్కపొట్టు ఊడ్చాను. ఊడ్చిందే మళ్లీ ఊడ్చాను.

అక్టోబరు 11, ఎండ

ఇవాళ జరిగిందంతా రాస్తాను. ఏదీ వదలకుండా రాస్తాను.

సాయంత్రం ఐదింటికి రింకొ వీడియోలో మాట్లాడింది. అక్కడ పొద్దున. చిహొ నన్నూ మినెనూ పిలిచి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది. "ఈయనే మా నాన్న, గిన్నెలు చేసింది ఈయనే" అంది. రింకొ తల వంచి దండం పెట్టింది. ఒళ్లో పాప. ఎంత ముద్దుగా ఉందో! బూరె బుగ్గలు. లేత బంగారు రంగు జుట్టు, నాన్న పోలిక అట. పిడికిళ్లు రెండూ కలిపి నోట్లో కుక్కుకుని చప్పరిస్తోంది. గడ్డం అంతా తడి. పెదాలు మెరుస్తున్నాయి.

"తాతగారూ, పెట్టె నిన్ననే వచ్చింది" అంది రింకొ. "ఇంకా విప్పలేదు, మీ ముందు విప్పుదామని. దీనికి ఏది కనబడితే అది నోట్లోకే. వేడుక దాకా ఆగేలా లేదు, ముందు గిన్నెనే కొరుకుతుంది చూడండి."

పెట్టె తెచ్చి ముందు పెట్టింది. పాప రెండు చేతులూ చాచింది. కత్తెర పెట్టి టేపు కోస్తున్న చప్పుడు నాకు వినిపించింది.

"తెరవకమ్మా!" అని అరిచాను.

అందరూ ఆగిపోయారు. పాప కూడా.

"తెరవకమ్మా. పాపను దూరంగా తీసుకెళ్లు. ఆ గిన్నె ముట్టుకోనివ్వకు."

"నాన్నా, ఏమైంది?" అంది చిహొ.

"అవి పోయిన ఏడాదివి కావు. జూలైలో పూత వేసినవి. అన్నీ. ఆ బెల్జియం ఆవిడవీ, అందరివీ."

మినె లేచి వెళ్లిపోలేదు. నా చొక్కా అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. చిహొ మాత్రం రింకొతో చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా మాట్లాడింది. పెట్టె అలాగే ఎత్తి ఎక్కడైనా పైన పెట్టమంది. "ఈ దుకాణం నడిపేది నేను, తప్పు నాది, క్షమించండి" అంది. ఆ మాట అన్నది నేను కాదు, తను. మూడుసార్లు తల వంచింది.

లాప్‌టాప్ మూశాక కాగితం, పెన్ను తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. టౌన్ ఆఫీసు కౌంటరులో కూర్చున్నట్టు వెన్ను నిటారుగా.

"ఒబొనాయి గారూ, చివరి పూత ఏ తేదీన వేశారు?"

నాకు మొదట అర్థం కాలేదు. ఎవరైనా వచ్చారేమోనని వెనక్కి తిరిగి చూశాను.

"మిమ్మల్నే అడుగుతున్నాను."

"జూలై 27."

"తేమ గదిలో ఎన్ని రోజులు?"

"ఎనిమిది."

"బియ్యంలో?"

"పద్నాలుగు."

"ఎవరైనా నోటికి ఆనించి చూశారా?"

"నేను చూశాను. ఏమీ కాలేదు."

పెన్ను ఆగింది. "మీకు" అంది. అంతే. మళ్లీ రాసుకుంది.

చివరికి, "పెద్దమ్మ దగ్గరికి మీరు వెళ్తారా, నేను వెళ్లనా?" అని అడిగింది.

"నేనే వెళ్తాను."

చిహొ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. నా తప్పులు రాస్తున్నప్పుడు కూడా ఎంత పొందికగా రాసిందో! అలా అనిపించినందుకు సిగ్గేసింది.

అక్టోబరు 12, మబ్బు

పొద్దున తెల్ల చొక్కా వేసుకుని, బజారులో బీన్స్ మిఠాయి పెట్టె కొనుక్కుని, వదిన ఇంటికి వెళ్లాను. నన్ను చూడగానే, "మిఠాయి పెట్టె, తెల్లచొక్కా... ఎవరు పోయారు?" అంది.

"ఎవరూ పోలేదు వదినా."

గుమ్మంలోనే మోకాళ్ల మీద కూర్చుని, నేల కంటా వంగి మొత్తం చెప్పాను. జూలైది చెప్పాను, బియ్యం పెట్టెది చెప్పాను, చిహొ అడిగినప్పుడు ఏమన్నానో చెప్పాను. సెప్టెంబరు 25న ఆవిడ ఇదే మాట అడగడానికి వస్తే నేల చూసింది కూడా చెప్పాను. తల ఎత్తలేదు.

"అయితే నా ముద్దలో ఏమీ లేదు" అంది చివరికి.

"ఏమీ లేదు వదినా."

"నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి."

"ఉన్నాయి."

"లే. లేచి నాతో రా."

ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. మిసో పీపా ఉండే చోట నేల మీద గుండ్రటి తడి మచ్చ ఉంది. పీపా కడిగి బోర్లించి ఉంది. దాని అవతల ముల్లంగి మడి పక్కన కొత్తగా తవ్విన మట్టి.

"ఐదు రోజులైంది పాతిపెట్టి. మూడేళ్ల ముద్ద. మొత్తం" అంది.

బోర్లించిన పీపా మీద చెయ్యి వేశాను.

"మొదట రోజూ నేనే తిని చూశా. పొద్దునా తిన్నా, సాయంత్రమూ తిన్నా. నాకేమీ కాలేదు. కానీ అరవై ఏళ్లుగా నా ముద్ద నేనే తింటున్న దాన్ని, నాకు కాకపోతే ఇంకొకళ్లకు కాదని ఎలా చెప్పను? ఏప్రిల్‌లో బాలవాడి పిల్లల భోజనానికి రెండు సీసాలిచ్చాను మరిదీ. ఆ పిల్లల మొహాలే కళ్ల ముందు కనిపించాయి. ఇక ఉంచలేకపోయా."

మళ్లీ వంగబోయాను. భుజం పట్టి ఆపింది. ఆ వయసులో ఎంత బలమో!

"వంగింది చాలు. నా గుమ్మంలో చెప్తే నేనొక్కదాన్నే విన్నాను. ఆదివారం స్టాలుకు రా. మత్సుకొ ఉంటుంది, అందరూ ఉంటారు. వాళ్ల ముందు చెప్పు. మిఠాయి మాత్రం పట్టుకుపో. నాకు బీన్స్ మిఠాయి నచ్చదని యాభై ఏళ్లయినా నీకు తెలీదా?"

అక్టోబరు 15, ఎండ

క్యాబేజీ బుట్టల మధ్య నిలబడి చెప్పాను. ఇరవై మంది దాకా ఉన్నారు. మధ్యలో మాటల వరుస తప్పింది. మళ్లీ మొదలుపెట్టి మొదట్నుంచీ చెప్పాను. మత్సుకొ కూరగాయల తూకం వైపు చూస్తూ ఉండిపోయింది. వదిన చివరిదాకా విని, "విన్నారుగా. సరే, ముల్లంగి ఎవరిక్కావాలి?" అంది.

అక్టోబరు 19

చిహొ ఎనిమిది మందికీ ఉత్తరాలు రాసింది. పంపేముందు నాకు మన భాషలో చదివి వినిపించింది. ఎక్కడా మెత్తగా రాయలేదు. గిన్నెలు వచ్చే ఫిబ్రవరి దాకా వాడొద్దని, వద్దనుకుంటే వెనక్కి పంపమని, మిసోలో ఏ తప్పూ లేదని రాసింది. తన దుకాణంలో ఆరు నెలల మాట తీసేసింది. దాని బదులు ప్రతి గిన్నెకూ చివరి పూత తేదీ రాస్తుందట. ఆ తేదీ నేను చెప్తే రాయదు. మినె చూసి చెప్తే రాస్తుంది.

రింకొ పాపకు రేపు పింగాణీ గిన్నెలో తినిపిస్తారట.

నవంబరు 5, మంచు

చిహొ ఇంకా నన్ను ఒబొనాయి గారూ అనే పిలుస్తోంది. అన్నం దగ్గర కూడా.

నవంబరు 22, మంచు

గోదెలీవ్ జవాబు రాసింది. పెదాలు తగ్గిపోయాయట. గిన్నె వెనక్కి పంపదట, ఫిబ్రవరి దాకా బీరువాలో పెట్టుకుంటుందట. నిజం చెప్పినందుకు థాంక్స్ అని రాసింది. చివర్లో ఒక మాట: ఆ అక్రోటు మిసో ఒక్క చెంచా తిని భయపడి పారేసిందట, ఇప్పుడు చాలా విచారంగా ఉందట, మళ్లీ దొరుకుతుందా అని అడిగింది.

చిహొ చదివి నా వైపు చూడకుండా, "ఏం రాయమంటారో పెద్దమ్మనే అడిగి రండి" అంది.

వెళ్లాను. వదిన మంట దగ్గర కూర్చుని అడ్జుకి అనే ఎర్ర చిక్కుడు గింజలు ఏరుతోంది. విషయం చెప్పాను. ఏరుతూనే ఉంది.

"రాయమను. వచ్చే ఫిబ్రవరిలో కొత్త పీపా పెడతాను. మూడేళ్లు ఆగాలి. ముసల్ది అప్పటికి బతికుంటే తనే పంపుతుంది."

"సరే వదినా."

"ఇంకా అవ్వలేదు. ఒకవేళ ముసల్ది పోతే, దాని మరిది ఒకడున్నాడు, వాడు పంపినా తినొద్దు. వాడి మాట మీద నమ్మకం లేదు. అని రాయమను."

"అంతా రాయాలా?"

"అంతా."

దారి పొడుగునా మంచులో నడుస్తూ ఆ మాటలు తిప్పి తిప్పి చూసుకున్నాను. మొదటి సగం చాలు కదా అనిపించింది. పరాయి దేశపు ఆవిడకు ఇంటి గొడవలెందుకు? బెల్జియంలో మరిది అంటే ఏం తెలుస్తుంది? వదిన కూడా హాస్యానికే అందేమో. బూట్లు విప్పేసరికి నాలుగు కారణాలు పోగేశాను, నాలుగూ మంచివే.

చిహొ లాప్‌టాప్ మీద వేళ్లు పెట్టుకుని ఎదురుచూస్తోంది.

"ఏమన్నారు?"

చెప్పాను. పీపా సంగతి చెప్పాను, మూడేళ్ల సంగతి చెప్పాను. అక్కడ ఆగాను. చిహొ టైపు చేసి, "అంతేనా?" అంది.

"ఇంకొంచెం ఉంది" అన్నాను. మరిది మాట కూడా చెప్పాను, ఒక్క ముక్క తగ్గించకుండా, వదిన అన్నట్టే.

చిహొ తలెత్తి నన్ను చూసింది. తర్వాత అది కూడా టైపు చేసింది.